పునాదికి ముందే బీరువా లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చి అక్కడే స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెక్టార్ క్వార్టర్లలో ఏళ్ల తరబడి కాపురముండి, పదవీ విరమణ దగ్గరపడ్డాక నెహ్రూ నగర్ వంటి కాలనీల్లో సొంత ఇల్లు కట్టుకునేవారున్నారు. క్వార్టర్ ఖాళీ చేసే రోజు అటక మీది సామానంతా కిందికి దిగుతుంది: ఇత్తడి బిందెలు, పెళ్లినాటి పట్టుచీరలు, పిల్లల పాత పుస్తకాలు, తిరగని మిక్సీ. ఇవన్నీ కొత్త ఇంట్లో ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. కానీ అప్పటికే గోడలు లేచి ఉంటాయి. ఖాళీగా మిగిలిన గోడకు వడ్రంగి ప్లైవుడ్ బిగిస్తాడు. అది తగిన గోడో కాదో మొదటి వానాకాలం తేలుస్తుంది.

ముందు కొలత, తర్వాత ప్లాన్

ఎనిమిది అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతున్న బీరువా 16 చదరపు అడుగుల నేలను ఆక్రమిస్తుంది. కాబట్టి ఇంటి ప్లాన్ గీయకముందే దాని లెక్క తేలాలి. హ్యాంగర్‌కు తగిలించే బట్టలకు దాదాపు రెండు అడుగుల లోతు కావాలి. మడతపెట్టే చీరలకు, దుప్పట్లకు అడుగున్నర చాలు. అంతకన్నా లోతైతే వెనక వరుసలో ఏముందో మరచిపోతాం. కాంక్రీటు అటక కావాలంటే, లింటెల్ పోసేటప్పుడే, అంటే దాదాపు ఏడు అడుగుల ఎత్తులో, దాన్నీ కలిపి పోయించాలి. చెదల మందు కూడా పునాది దశలోనే మట్టికి పట్టించాలి. ఈ పనికి ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం ఉంది.

వదులుకోవడం ఎందుకు కష్టం?

ఎన్ని బీరువాలు కావాలో తేలాలంటే ఏ వస్తువులు ఉంచుకోవాలో ముందు తేలాలి. చిక్కంతా ఇక్కడే. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చారు. కప్పు చేతికొచ్చినవారు దాన్ని అమ్మడానికి సుమారు 7 డాలర్లు అడిగారు. కప్పు లేనివారు కొనడానికి సుమారు 3 డాలర్లకు మించి ఇవ్వలేదు. మనదైన వస్తువు మన కంటికి ఎక్కువ విలువైనదిగా కనిపించే ఈ ధోరణిని ఎండోమెంట్ ఎఫెక్ట్ అంటారు. అందుకే ‘పారేద్దామా?’ అని అడిగితే ‘ఉండనీ’ అనే జవాబే వస్తుంది. ‘ఇది మన దగ్గర లేకపోతే ఇవాళ డబ్బిచ్చి కొంటామా?’ అని అడిగి చూడాలి. అమ్మమ్మ ఇచ్చిన బిందె ఈ పరీక్షకు లొంగదు, లొంగనక్కర్లేదు కూడా. తిరగని మిక్సీ మాత్రం లొంగుతుంది.

ఏ గోడకు బీరువా?

భిలాయిలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు. నైరుతి గాలితో వచ్చే జల్లు దక్షిణ, పడమటి గోడలను ఎక్కువగా తడుపుతుంది. బీరువా వెనక గాలి ఆడదు, ఎండ తగలదు. గదిలో 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం తేమ ఉన్నాయనుకుందాం. గోడ 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాన్ని ఆనుకున్న గాలిలో తేమ దాదాపు 95 శాతానికి చేరుతుంది. గోడ ఉపరితలం వద్ద తేమ 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు పెరుగుతుంది. పట్టుచీర జరీ నల్లబడటానికీ తేమ తోడవుతుంది. కాబట్టి బీరువాకు రెండు గదుల మధ్య గోడ మేలు. స్నానాలగది గోడ పనికిరాదు. బయటి గోడే దిక్కైతే వెనక రెండు అంగుళాల ఖాళీ వదిలి, తలుపులకు గాలి రంధ్రాలు పెట్టించాలి.

కొత్త చెక్క వాసన, కలరా ఉండలు

చాలా రకాల ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌లలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. కొత్త బీరువా తెరవగానే కళ్లు మండటానికి దీని నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ కారణం కావచ్చు. దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. గది గాలిలో ఇది ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వేడి, తేమ పెరిగితే ఈ వాయువు మరింతగా వెలువడుతుంది. తక్కువ వాయువు వదిలే ఇ-1 తరగతి పలకలు ఎంచుకోవాలి. కోసిన అంచులన్నీ మూయించాలి. గృహప్రవేశానికి కొన్ని వారాల ముందే పని ముగించి, తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచాలి. అరలకు కడప రాయి పలకలు వేస్తే జిగురు బెడదా, చెదల బెడదా తగ్గుతాయి.

కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరై బట్టల్లోకి ఇంకుతుంది. జీ6పీడీ ఎంజైము లోపమున్న పసిపిల్లల్లో ఈ ఆవిరి ఎర్రరక్తకణాలను విచ్ఛిన్నం చేసి, తీవ్రమైన పచ్చకామెర్లకు దారితీయవచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. కాబట్టి మనవల కోసం దాచిన పాత ఉన్ని బట్టలు, బొంతల మధ్య ఈ ఉండలు వేయకపోవడమే క్షేమం. బట్టలను ఉతికి, బాగా ఎండబెట్టి, బిగుతు మూతపెట్టెలో దాస్తే పురుగు పట్టే అవకాశం తగ్గుతుంది.

ఇల్లు కట్టేవారు మేస్త్రీని పిలిచేముందు ఒక ఆదివారం అటక దించి, ఉంచుకునే సామాను కొలతలు కాగితం మీద రాసుకోవాలి. మార్పులన్నీ ఆ కాగితం మీదే జరిగితే, తర్వాత గోడ పగలగొట్టే పని తప్పుతుంది.