క్షమాపణ – విశ్వాస పునరుద్ధరణ

రైలుబండి నడవడానికి బొగ్గు, డీజిలు, విద్యుచ్ఛక్తి మాత్రమే చాలవు. మనిషిపై మనిషికి నమ్మకం కూడా కావాలి. అవతలి స్టేషను నుంచి 'లైన్ క్లియర్' అందిన తరువాతనే స్టేషను మాస్టరు బండిని కదలనిస్తాడు. సిగ్నలు సరిగా ఉన్నదన్న భరోసాతోనే డ్రైవరు చీకటిలో ముందుకు సాగుతాడు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఇట్టి నమ్మకం పునాదిగా పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే పందొమ్మిదవ శతాబ్ది చివర ఇక్కడ జంక్షనును నెలకొల్పి, పెద్ద వర్క్‌షాపును నిర్మించింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉపాధికై అక్కడికి తరలివెళ్ళాయి. బెంగాలీ, ఒరియా, హిందీ, తమిళం మాట్లాడేవారికి ఇరుగుపొరుగై రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డాయి.

ఇటువంటి చోట నమ్మకం దెబ్బతింటే దానిని తిరిగి నిలబెట్టడం ఎట్లా? ఈ ప్రశ్న ఆ పట్టణానికి ఒకనాడు నిజంగానే ఎదురైంది.

సమ్మె మిగిల్చిన గాయం

1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు వారికి నాయకత్వం వహించిన ప్రముఖులలో బరంపురంలో జన్మించిన తెలుగువారు శ్రీ వి.వి. గిరి ఒకరు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన తరువాత ఆయన, కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య తలెత్తే వివాదాలను నిర్బంధ తీర్పులతో కాక ముఖాముఖి సంప్రదింపులతో పరిష్కరించుకోవాలని గట్టిగా వాదించారు. పైనుంచి వచ్చిన తీర్పు తగవును ఆపగలదే గాని, మనసులోని కక్షను తొలగించలేదన్నది ఆ వాదనలోని సారం.

ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే, 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె ప్రారంభమైంది. బోనస్సు, ఎనిమిది గంటల పనిదినం, వేతన సవరణ కార్మికుల ముఖ్యమైన కోర్కెలు. ధాన్యం, బొగ్గు రవాణా నిలిచిపోతే దేశమే స్తంభిస్తుందన్నది ప్రభుత్వ ఆందోళన. వేలాదిమంది అరెస్టయ్యారు. అనేకులు విచారణ లేకుండానే ఉద్యోగాలు కోల్పోయారు. మే 27న సమ్మె విరమించబడింది. క్వార్టరు కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉండే రైల్వే పట్టణంలో ఉద్యోగం పోవడమంటే నిలువనీడ పోవడమే. పనిలోకి వెళ్ళినవారికీ వెళ్ళనివారికీ మధ్య మాటలు నిలిచిపోవడం ఏ పెద్ద సమ్మెలోనైనా కానవచ్చే విషాదం.

1977లో ప్రభుత్వం మారింది. రైల్వే మంత్రిగా వచ్చిన శ్రీ మధు దండవతే, సమ్మె కారణంగా తొలగింపబడినవారిని తిరిగి ఉద్యోగాలలోకి తీసుకున్నారు. 1979లో ఉత్పాదకతతో ముడిపడిన బోనస్సు కూడా మంజూరైంది. పోయిన జీవనోపాధి తిరిగి దక్కింది. కాని తరువాత వచ్చినవారు సరిదిద్దడం వేరు; నిర్ణయం చేసినవారే 'మీ మాట వినకుండా తొలగించడం పొరపాటు' అని ఒప్పుకోవడం వేరు. మొదటిది నష్టాన్ని పూడ్చుతుంది. రెండవది గౌరవాన్ని తిరిగి ఇస్తుంది. విశ్వాసం పూర్తిగా కోలుకోవడానికి ఈ రెండూ అవసరం.

క్షమాపణలో ఏముండాలి?

క్షమాపణ కోరే మనిషి తనను తాను రెండుగా విభజించుకుంటాడని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1971లో విశ్లేషించారు. ఒక భాగం తప్పు చేసినది. మరొక భాగం ఆ తప్పును ఖండించి, ధర్మం పక్షాన నిలిచేది. మన ఇండ్లలో లెంపలు వేసుకునే అలవాటులో ఉన్నది ఇదే. అక్కడ దండించే చేయి, దెబ్బ తినే చెంప ఒక్కరివే.

భాష కూడా ఈ విషయంలో కొంత చెబుతుంది. తెలుగు, బెంగాలీ రెండింటిలోనూ వాడుకలో ఉన్న 'క్షమ' అనే మాటకు ఓర్పు అని అర్థం. భూమికి సైతం అది పేరు. అరబ్బీ మూలం నుంచి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన 'మాఫీ' అనే మాటను రుణమాఫీ అన్న సందర్భంలో వింటాము. అనగా ఒక మాట ఎదుటివారి ఓర్పును అర్థిస్తుంది. మరొకటి బాకీ కొట్టివేయమంటుంది. రెండూ ఎదుటివారు ఇవ్వవలసినవే గాని, మనం హక్కుగా వసూలు చేసుకునేవి కావు.

అమెరికాకు చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధనలో క్షమాపణకు ఆరు అంగాలను గుర్తించారు: విచారం తెలుపడం, జరిగినదానిని వివరించడం, బాధ్యతను అంగీకరించడం, పశ్చాత్తాపం ప్రకటించడం, నష్టాన్ని సరిచేస్తాననడం, క్షమించమని కోరడం. వీటిలో బాధ్యతను అంగీకరించడమే అన్నిటికన్న ముఖ్యమైనదని తేలింది. నష్టాన్ని సరిచేస్తాననడం దాని తరువాతిది. క్షమించమని కోరడం అన్నిటికన్న తక్కువ ప్రభావం కలది! 'మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి' అన్న వాక్యం ఎందుకు రుచించదో దీనినిబట్టి తెలుస్తుంది. అందులో క్షమించమన్న కోరిక ఉన్నది. బాధ్యత మాత్రం లేదు.

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపాన ఘోర రైలు ప్రమాదం జరిగినప్పుడు నాటి రైల్వే మంత్రి శ్రీ లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ దానిని అంగీకరించలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తరువాత ఆయన మరల రాజీనామా చేయగా, ఈసారి అది ఆమోదం పొందింది. ప్రమాదానికి శాస్త్రిగారు స్వయంగా కారకులు కారు. అయినా బాధ్యతను తలకెత్తుకున్నందువల్లనే ప్రజల విశ్వాసం ఆయనపై ఇనుమడించింది.

ఎవరి సమక్షంలో?

1914లో 'కామగాటమారు' ఓడలో వెళ్ళిన 376 మంది భారతీయ ప్రయాణికులలో అత్యధికులను కెనడా దిగనివ్వలేదు. తిరిగి వచ్చిన ఆ ఓడ కలకత్తా సమీపంలోని బజ్‌బజ్ చేరినప్పుడు జరిగిన కాల్పులలో దాదాపు 20 మంది మరణించారు. 2008లో కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఒక ఉత్సవ వేదికపై క్షమాపణ చెప్పగా, సిక్కు సంఘాలు పార్లమెంటులోనే చెప్పాలని దానిని నిరాకరించాయి. చివరకు 2016 మే 18న ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో ఆ పని చేశారు. నలుగురిలో జరిగిన అవమానానికి చాటున చెప్పిన సంజాయిషీ చాలదు. తప్పు ఏ స్థాయిలో జరిగిందో, ఒప్పుకోలూ ఆ స్థాయిలోనే జరగాలి.

మాట తరువాత

దెబ్బతిన్న నమ్మకాలు అన్నీ ఒక తీరువి కావు. చేతకానితనం వల్ల జరిగిన పొరపాటును జనం సులభంగానే మన్నిస్తారు, నేర్చుకుంటాడులే అనుకుంటారు. కపటం వల్ల జరిగిన తప్పు అట్లా కాదు. ఒక్క అబద్ధం బయటపడితే వెనుకటి నిజాలన్నిటిపైనా అనుమానపు నీడ పడుతుంది. అటువంటి చోట క్షమాపణ ప్రారంభం మాత్రమే. చెప్పిన వేళకు రావడం, తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడం, ఎదుటివారి మాట పూర్తిగా వినడం వంటి చిన్న విషయాలలో మాట నిలుపుకుంటూ పోవాలి. ఎదుటివారు కొంతకాలం సందేహించినా సహించాలి. 'చెప్పాను కదా, ఇంకా ఎందుకు?' అని విసుక్కుంటే మొదటికే మోసం వస్తుంది.

వర్క్‌షాపులో మరమ్మతు చేసిన బోగీని పరీక్షించకుండా లైను మీదికి పంపరు. అది మరమ్మతు చేసినవారిని అవమానించడం కాదు; అందులో ప్రయాణించబోయే వారి ప్రాణాలను గౌరవించడం. మానవ సంబంధాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. పొరుగువారి భాష వేరైనా, ఊరు వేరైనా, తప్పును తనదిగా ఒప్పుకుని, నష్టాన్ని పూడ్చి, పరీక్షకు ఓపికతో నిలిచే మనిషిని ఏ సమాజమైనా తిరిగి నమ్ముతుంది.