వరండా సీలింగు ఫ్యాను: మార్చడం, బిగించడం

గదిలోని సీలింగు ఫ్యాను నిర్మాణాన్ని గత పాఠంలో తెలుసుకున్నారు. అదే ఫ్యానును తెచ్చి వరండాలో బిగిస్తే ఏమవుతుంది? మొదటి ఏడాది ఏమీ కాదు. రెండో వానాకాలం దాటేసరికి రెక్కల అంచుల్లో తుప్పు కనిపిస్తుంది, బేరింగులో గరగర మొదలవుతుంది. వరండాకు పైకప్పు ఉంటుంది గాని నాలుగు వైపులా గోడలుండవు. నిలువుగా పడే వాన తగలదు, గాలివాన జల్లు మాత్రం తగులుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల వాన లేని రోజుల్లో కూడా ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న జిల్లాల్లో వేసవి దుమ్ము ఆ పని చేస్తుంది. ఇక పిచ్చుకలు, కందిరీగలు ఫ్యాను పైకప్పులో గూడు కట్టడం మీరు చూసే ఉంటారు.

అందువల్ల ఈ పాఠంలో వైరు కలపడం కంటే ముందు చూసుకోవలసిన విషయాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

1. మార్చాలా, బాగుచేయాలా?

ఫ్యాను తిరగడం లేదనగానే కొత్తది కొనడం చాలామందికి అలవాటు. ముందు లక్షణాన్ని గమనించండి. స్విచ్ వేస్తే గుయ్‌మంటూ ఆగిపోయి, పొడి కర్రతో రెక్కను కదిపితే తిరగడం మొదలుపెడుతుందా? అయితే లోపం సాధారణంగా కెపాసిటర్‌లోనే ఉంటుంది. మన ఇళ్లలో కండెన్సర్ అనేది దీనినే. ఒకే ఫేజు సరఫరా వల్ల మోటారులో ఏర్పడే అయస్కాంత క్షేత్రం తనంతట తాను తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. రెండో చుట్టలోని ప్రవాహాన్ని కెపాసిటర్ కొంత ముందుకు జరపడం వల్ల ఆ క్షేత్రం తిరుగుతుంది. కెపాసిటర్ చెడితే ఆ తోడ్పాటు పోతుంది. కదిపిన తరువాత తిరగడానికి కారణం, ఒకసారి కదిలిన చక్రాన్ని మొదటి చుట్ట ఒక్కటే నెట్టుకుపోగలగడం. చాలా సీలింగు ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. పాతదానిపై ముద్రించిన విలువనే చూసి కొనాలి. ఎక్కువ విలువది వేస్తే వేగం పెరుగుతుందని కొందరు చెబుతారు. దాని ఫలితం చుట్ట వేడెక్కడం.

కరెంటు ఆపి చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగు అరిగిందని అర్థం. మోటారు నుంచి కాలిన వాసన వచ్చినా, ఫ్యాను ఒంటిని తాకితే షాక్ కొట్టినా ఇక దాన్ని వాడకూడదు. మార్చవలసిందే.

2. మీరు చేయదగిన పని ఏది?

1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోని 45వ నియమం ఒక ఉపయోగకరమైన గీత గీసింది. ఉన్న దీపం, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటివాటిని, అమరిక సామర్థ్యం గాని స్వభావం గాని మారకుండా మార్చుకోవచ్చు. అంతకు మించిన పనిని లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరే చేయించాలి. తరువాతి కేంద్ర నిబంధనల్లో కూడా ఈ తేడా కొనసాగింది. కాబట్టి వరండాలో పాత ఫ్యాను దించి కొత్తది ఎక్కించడం ఒక పని. గదిలోంచి కొత్త వైరు లాగి వరండాలో ఫ్యాను పాయింటు పెట్టడం వేరే పని. రెండోది లైసెన్సు ఉన్నవారికే వదలండి.

3. కొక్కెం

ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగం ఇదే. సాధారణ ఫ్యాను బరువు 4, 5 కిలోలకు మించదు. ఏ కొక్కెమైనా ఆ బరువును మోస్తుంది గదా అనిపిస్తుంది. కాని కొక్కెం మోసేది నిలకడగా వేలాడే బరువును కాదు. ఏళ్ల తరబడి రోజూ గంటలకొద్దీ సాగే అదురును మోస్తుంది. నట్టు వదులయ్యేదీ, తుప్పుపట్టిన చోట కమ్మీ తెగేదీ ఆ అదురు వల్లనే.

స్లాబు వరండాలో కొక్కెం స్లాబు పోసేటప్పుడే లోపలి కమ్మీలకు తగిలించి పెట్టి ఉండాలి. 10 మిల్లీమీటర్లకు తగ్గని ఇనుప కమ్మీతో చేసినదై ఉండాలి. దాని మొదట్లో రంగు గీకి చూడండి. తుప్పు పొరలుగా రాలుతుంటే, చుట్టూ స్లాబు పెచ్చులూడుతుంటే ఆ కొక్కేన్ని నమ్మవద్దు. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. వరండా స్లాబు అంచుల్లో నీరు దిగడం వల్ల ఇది గదుల్లో కంటే ముందుగా వస్తుంది.

అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. గట్టి తాడుతో 25 కిలోల బియ్యం బస్తాను ఆ కొక్కేనికి వేలాడదీయండి. బస్తా అడుగు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. ఊడినా ప్రమాదం ఉండదు. అరగంట వదిలేసి చూడండి. ఫ్యాను బరువుకు అయిదు రెట్లు మోయలేని కొక్కెం కింద పిల్లల్ని కూర్చోబెట్టకూడదు.

కొక్కెం లేకపోతే మంచి కాంక్రీటులో రంధ్రం చేసి లోహపు యాంకర్ బోల్టులతో ఫ్యాను ప్లేటు బిగిస్తారు. స్క్రూలు పట్టే ప్లాస్టిక్ గట్టాలు ఇందుకు పనికిరావు. రేకుల వరండాలో ఫ్యాను ఎన్నడూ రేకు నుంచి వేలాడకూడదు. రేకును పట్టే బోల్టులు రేకు కోసమే. ఇనుప పైపుకో యాంగిల్‌కో క్లాంపు వేసి దాని నుంచి వేలాడదీయాలి. పెంకుటింటి వసారాలోనైతే దూలాన్ని మేకుతో పొడిచి చూడండి. చెద తిననిదైతే ఆరపార బోల్టు వేయవచ్చు.

4. ఎత్తు, వెడల్పు

నేల నుంచి రెక్కల వరకు 2.4 మీటర్లకు, అంటే సుమారు 8 అడుగులకు తగ్గకూడదు. పైకప్పుకూ రెక్కలకూ మధ్య అడుగైనా ఖాళీ ఉండాలి. లేకపోతే గాలి పైనుంచి లాగలేదు. రేకుల వరండాలో కప్పు ఒక వైపు వాలి ఉంటుంది కాబట్టి కొలతను కొక్కెం దగ్గర కాక, కిందికి వాలిన వైపు రెక్క కొస దగ్గర తీసుకోవాలి.

మన వరండాలు తరచు 5, 6 అడుగుల వెడల్పే ఉంటాయి. 5 అడుగులంటే సుమారు 1525 మిల్లీమీటర్లు. అందులో 1200 మిల్లీమీటర్ల ఫ్యాను పెడితే ప్రతి పక్కన మిగిలేది 160 మిల్లీమీటర్లే. రెక్క స్తంభానికి అంత దగ్గరగా తిరగడం మంచిది కాదు. అటువంటి చోట 900 మిల్లీమీటర్ల ఫ్యానే సరైనది.

5. ఏ ఫ్యాను?

చెక్క, చెక్కపొట్టు పలకలతో చేసిన రెక్కలు అందంగా ఉంటాయి గాని చెమ్మకు ఉబ్బి వంగుతాయి. వరండాకు అల్యూమినియం రెక్కలు, రెండు వైపులా బాల్ బేరింగులు ఉన్నవి తీసుకోండి. జల్లు తగిలే చోట ఐపీ 44 గుర్తు ఉన్నది మేలు. ఏ వైపు నుంచి నీరు చిమ్మినా లోపలికి హాని కలగదని దాని అర్థం. ఐఎస్ఐ గుర్తును, నక్షత్రాల లేబులును కూడా చూడండి. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యాన్లకు ఈ లేబులు తప్పనిసరి.

మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 8 గంటలు వాడితే ఏడాదికి దాదాపు 130 యూనిట్లు మిగులుతాయి. అయితే బీఎల్‌డీసీ ఫ్యాను లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. చెమ్మ దానికి శత్రువు. జల్లు నేరుగా పడే వరండాకు నా ఓటు మామూలు ఫ్యానుకే. బీఎల్‌డీసీయే కావాలనుకుంటే గోడమీది రెగ్యులేటర్‌ను తప్పించి, స్విచ్ నుంచే సరఫరా ఇవ్వాలి.

6. పని

స్విచ్ ఆపితే చాలదు. స్విచ్‌ను ఫేజులో కాక న్యూట్రల్‌లో కలిపిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఫ్యాను ఆగినా తీగలో కరెంటు ఉంటుంది. ఆ సర్క్యూటు ఎంసీబీని దించండి. పాత రకం ఫ్యూజు అయితే ఊడదీసి జేబులో పెట్టుకోండి. మీరు నిచ్చెన మీద ఉండగా ఇంట్లోవాళ్లు తిరిగి పెట్టకుండా అదొక్కటే హామీ. తరువాత టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట, ఆపైన ఫ్యాను తీగలపైన, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడండి. మూడోసారి ఎందుకు? మధ్యలో టెస్టరే చెడిపోలేదని తెలియడానికి. కెపాసిటర్ కొసలను చేత్తో తాకవద్దు, అందులో కొంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ముందు రెక్కలు విప్పండి, ఆ తరువాతే మోటారును దించండి. ఒకరు మోటారును కింద నుంచి ఎత్తి పట్టుకోవాలి, మరొకరు స్ప్లిట్ పిన్ను లాగి బోల్టు తీయాలి. ఒంటరిగా చేయవలసిన పని కాదు.

కొత్తది ఎక్కించేటప్పుడు పాత బోల్టు, పాత పిన్ను వాడవద్దు. కొక్కేనికీ బోల్టుకూ మధ్య రబ్బరు రీలు తప్పక ఉండాలి. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లనూ చెరోవైపు వంచాలి. వంచని పిన్ను అదురుకు జారిపోతుంది. గొట్టం కింది కొసన మోటారును పట్టే బోల్టుకు కూడా ఇదే పద్ధతి. తీగలను కనెక్టర్‌లో బిగించండి, ఒట్టి టేపు చుట్టి వదిలేయకండి, చెమ్మ గాలిలో అది జిగురు వదిలి జారుతుంది. ఎర్త్ తీగను తప్పక కలపండి. మీరు నిలబడేది తడిసే నేలమీద. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఇంకా మంచిది. పైకప్పు గిన్నెను స్లాబుకు దాదాపు ఆనేలా జరిపి బిగిస్తే పిచ్చుకలకు చోటు దొరకదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: కొత్త ఫ్యాను తిరుగుతోంది గాని కింద గాలి తగలడం లేదు. కారణం ఏమై ఉంటుంది? (కెపాసిటర్ వైపు చుట్ట కొసలు తారుమారైతే ఫ్యాను వెనక్కి తిరిగి గాలిని పైకి నెడుతుంది.)

ఊగుతుంటే వెంటనే రెక్కకు నాణెం అంటించకండి. ముందు ఒక్కొక్క రెక్క కొస నుంచి పైకప్పుకు దూరం కొలవండి. ఒకటి తేడాగా ఉంటే దాని పట్టీ వంగి ఉంటుంది. మూడు రెక్కలూ ఒకే సెట్టులోవి కావాలి, బరువు సరిచూసి పెట్టినవి అవే. నెల తరువాత మరోసారి ఎంసీబీ దించి, పైకప్పు గిన్నె జరిపి, నట్టునూ పిన్నునూ చూడండి. ఆపైన ఏటా తొలకరికి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి చూస్తే చాలు.