మంచు క్రింది మొగ్గ

వంటయింటి మూల గంపలో మరచిపోయిన ఉల్లిగడ్డ కొన్ని దినములకు పచ్చని మొలకను వెలికి చాచుట అందరును చూచినదే. మన్ను లేదు, నీరు లేదు. అయినను మొలక వచ్చినది. దానికి వలసిన ఆహారమంతయు గడ్డ పొరలలోనే నిలువయై యున్నది. ఉల్లిని నిలువున కోసి చూచినచో అడుగున చిన్న బిళ్ళవంటి కాండమును, దానిపై ఒకదాని నొకటి చుట్టుకొనియున్న దళసరి ఆకులును, నడుమ లేత మొగ్గయు కానవచ్చును. వృక్షశాస్త్రజ్ఞులు ఇట్టి గడ్డను లశునమందురు. శీతలదేశములలో వసంతకాలమున తోటలను రంగులతో నింపు తులిప్, నార్సిసస్, హయసింత్ మొక్కలు ఇట్టి లశునములనుండియే పుట్టును.

వీనిలో తులిప్ మిక్కిలి ప్రసిద్ధమైనది. హాలెండు పేరు చెప్పగానే తులిప్ పొలములు జ్ఞప్తికి వచ్చును గాని, ఆ పువ్వు పుట్టినిల్లు హాలెండు కాదు. మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీరు పర్వతముల వాలులలో అది కొండపువ్వుగా పెరిగినది. అచ్చట వేసవియందు నేల ఎండి బీటలు వారును. శీతకాలమున హిమము కప్పివేయును. ఈ రెంటి నడుమ దొరకు కొలదివారముల వసంతములోనే ఆ మొక్క మొలచి, పూచి, గింజకట్టి, మరల నేలలోనికి ఒదిగిపోవలెను. 16వ శతాబ్దమున అది టర్కీ తోటలనుండి ఐరోపాకు చేరినది. 1593లో క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు లైడెన్ విశ్వవిద్యాలయపు తోటలో తులిప్‌గడ్డలను నాటించెను. మరుసటి వసంతమున అవి పూచినవి. ఆయన వానిని అమ్ముట కిష్టపడకపోగా, దొంగలు రాత్రివేళ తోటలో జొరబడి గడ్డలను త్రవ్వికొనిపోయిరి. హాలెండులో తులిప్ ఎదుర్కొనిన తొలి శత్రువులలో మంచుకన్న ముందు మనుష్యుని చెప్పుకొనవలసియున్నది.

గడ్డకు చలి హాని చేయును గనుక చలి తగులకుండ దాచవలెనని తలచుట సహజము. ఆ తలపు సగమే నిజము. వేసవిలో గడ్డ త్రవ్వి ఆరవేసిన పిమ్మట, దాని లోపల మరుసటి యేటి పువ్వు సూక్ష్మరూపమున ఏర్పడును. అక్టోబరు, నవంబరు మాసములలో నాటగా వేళ్ళు దిగును. అటుపిమ్మట సుమారు 12 మొదలు 16 వారములవరకు తొమ్మిది డిగ్రీల సెంటిగ్రేడుకు మించని చల్లదనమున గడ్డ నిలిచియుండవలెను. ఆ చలి లేనిచో కాడ సాగదు. పువ్వు ఆకుల నడుమనే కుంటుపడి వాడిపోవును. చలి సోకిన కొలదియు గడ్డలోని పిండిపదార్థము కొంత చక్కెరగా మారును. చక్కెర కలిసిన నీరు వట్టినీటికన్న ఎక్కువ చలికిగాని గడ్డకట్టదు. ఇట్లు గడ్డ తన రక్షణను చలివలననే సంపాదించుకొనుచున్నది. తోటమాలి చేయవలసినది చలిని తరిమివేయుట గాదు, దాని దుడుకుతనమును తగ్గించుట.

ఆ దుడుకుతనము రెండు విధములుగా కనబడును. మొదటిది, హిమము కురియకుండగనే కొరికివేయునట్టి చలిగాలి వీచుట. హిమము చల్లనిదే యైనను దాని రేణువుల నడుమ గాలి చిక్కుకొనియుండుటచే అది నేలకు కంబళివలె పనిచేయును. ఆ కంబళి లేనప్పుడు గడ్డకట్టుట నేలలోనికి లోతుగా దిగి, వేళ్ళను, తుదకు గడ్డను చంపును. రెండవది, పగలు కరగుట, రాత్రి గడ్డకట్టుట. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి తొమ్మిదివంతులు వ్యాకోచించును. మంటిలోని నీరు దినదినము ఇట్లు ఉబ్బి తగ్గుచుండగా మన్ను పైకి లేచి, వేళ్ళు తెగి, గడ్డ బయటపడును. స్థిరమైన చలికన్న ఈ ఊగిసలాటయే ఎక్కువ ప్రమాదకరము.

గడ్డ ఎంత ఎత్తుండునో దానికి మూడింతల లోతున నాటుట ఇందులకు తొలి ఉపాయము. లోతున చలి మెల్లగా దిగును, మెల్లగా విడుచును. రెండవ ఉపాయము గడ్డి కప్పుట. హాలెండు రైతులు హయసింత్ మొదలగు సుకుమారజాతుల మళ్ళపై గోధుమ మొదలగు ధాన్యముల ఎండుగడ్డిని దట్టముగా పరచుదురు. నేల ఇంకను వెచ్చగా నుండగనే కప్పినచో ఎలుకలు ఆ గడ్డిలో కాపురము పెట్టును. చలి నేలకు చేరక గడ్డలు వేళకు ముందే మేలుకొనును. అందుచే పైమన్ను బాగుగా చల్లబడిన పిమ్మటనే కప్పవలెను. వసంతమున తీయుటకు ఆలస్యమైనచో మొలకలు వెలుతురు లేక పాలిపోవును. కుండీలలో నాటిన గడ్డలకు మరింత జాగ్రత్త కావలెను. నేలలోని గడ్డకు చలి పైనుండియే వచ్చును గాని, కుండీలోని దానికి నలుప్రక్కలనుండియు వచ్చును.

మొలకలు లేచిన పిమ్మట రాత్రివేళ తుషారము పడుటయు కలదు. ఉదయమున నార్సిసస్ మొక్కలు కాడలు వంచి నేలపై పడియుండుట చూచి క్రొత్త తోటమాలి గుండె జారిపోవును. అప్పుడు వానిని ముట్టరాదు. ఎండ కాచిన పిమ్మట చాలభాగము తమంతట తామే లేచి నిలుచును. లేవనెత్తబోయినచో పెళుసెక్కిన కాడ విరుగును.

గడ్డకు చలికన్న నీరు ఎక్కువ కీడు చేయును. నిలువ నీటిలో వేళ్ళకు గాలి యాడక గడ్డ కుళ్ళిపోవును. హాలెండులో సముద్రపు ఇసుకదిబ్బల వెనుకనున్న లిస్సె ప్రాంతము ఈ సేద్యమునకు పేరొందుటకు అచ్చటి ఇసుకనేలయే కారణము. కాలువలద్వారా భూగర్భజలమును నేలకు సుమారు 60 సెంటీమీటర్ల లోతున నిలిపియుంచుదురు. వేళ్ళకు తడి అందును, గడ్డ తడియదు.

ఇక ఎలుకలు, ఉడుతలు, కుందేళ్ళు. పిండిపదార్థముతో నిండిన తులిప్‌గడ్డ శీతకాలమున వానికి విందు. సన్నని ఇనుపతీగెల వలను గడ్డలపై పరచి మన్ను కప్పుట మంచి ఉపాయము. నార్సిసస్‌గడ్డలో విషముండుటచే జంతువులు దానిని తాకవు. కావున కొందరు రెంటిని కలిపి నాటుదురు.

ఆకలిగొన్న మనుష్యులును ఆ గడ్డలను తినవలసివచ్చిన శీతకాల మొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున, 1944-45లో, జర్మనుల ఆక్రమణలోనున్న పశ్చిమ హాలెండు పట్టణములకు ఆహారపు రాకపోకలు నిలిచిపోయినవి. వేలకొలది జనులు ఆకలిచే మరణించిరి. యుద్ధమువలన ఎగుమతి ఆగి, తులిప్‌గడ్డలు నిలువలుగా మిగిలియుండెను. నడిమి పచ్చని మొగ్గ కీడు చేయునని దానిని తీసివేసి, పొరలను ఉడికించియు, ఎండబెట్టి పిండిచేసియు ప్రజలు తినిరి. మరుసటి వసంతమున పూయవలసిన మొగ్గను పారవేసి, ఆ మొగ్గకై దాచబడిన ఆహారముతో పిల్లల ప్రాణములు నిలుపుకొనిరి.

రోగములలో ఒకదాని చరిత్ర విచిత్రమైనది. 17వ శతాబ్దమున తెలుపుపై ఎరుపు చారలు జ్వాలలవలె ప్రాకిన తులిప్ పూలకు వెలలేకుండెను. 1636-37లో ఒక్కొక్క అరుదైన గడ్డ ఇంటి ధర పలికినది; 1637 ఫిబ్రవరిలో ఆ ధరలు ఒక్కమారుగా కూలినవి. ఆ చారలు ఏల కలుగుచున్నవో ఎవరికిని తెలియదు. అది వైరస్ వలన కలుగు వ్యాధియని 1928లో డొరోతీ కేలీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు నిరూపించెను. పేనుబంక పురుగులు రసము పీల్చుచు ఆ వైరస్‌ను మొక్కనుండి మొక్కకు మోసికొనిపోవును. గడ్డ ఏటేట క్షీణించును. నాడు బంగారమునకు తూచిన గడ్డను నేటి రైతు పొలమున కనుగొనిన తోడనే పెరికి నాశనము చేయును.

పూలు విప్పిన కొలది దినములకే హాలెండు రైతులు వాని తలలను కోసివేయుదురు. చూడవచ్చినవారికి అది క్రూరముగా తోచును. పువ్వు గింజకట్టినచో గడ్డకు చేరవలసిన ఆహారము గింజకు పోవును. ఆకులను మాత్రము అవి పసుపుబారి వాడువరకు ముట్టరు. ఎండలో ఆహారము వండి గడ్డకు పంపునవి అవియే గదా.

భారతదేశమున ఈ పువ్వునకు తగిన శీతకాలము కాశ్మీరమున కలదు. శ్రీనగరమున జబర్వాన్ కొండల పాదమున 2007లో తెరచిన తులిప్ తోట మార్చి చివర, ఏప్రిలు మాసములలో పూయును. తెలుగు మైదానములలో అట్టి చలి లేదు. కుండీలో తులిప్‌ను పూయింపగోరువారు గడ్డలను కాగితపు సంచిలో వేసి, మూడు నెలలు రెఫ్రిజిరేటరులో నుంచి, చల్లని మాసములలో నాటవలెను. అచ్చటను ఒక శత్రువు పొంచియుండును. మాగిన ఆపిలు పండ్లనుండి ఎథిలీన్ అను వాయువు వెలువడును. ప్రక్కనే పండ్లున్నచో గడ్డ పైకి చెక్కుచెదరక కనబడుచునే యుండును. లోపలి మొగ్గ మాత్రము మాడిపోవును.