రెజ్యూమెలోనే ఉంది చిక్కంతా!

ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ అనగానే ఇంజినీరింగ్ కుర్రాళ్లు వందల ప్రశ్నలు బట్టీ పట్టేస్తుంటారు. తీరా అక్కడికెళితే ఎదుటివారి చూపు ఆగేది రెజ్యూమె మీద. ‘ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటి?’... అంతే, గొంతు తడారిపోతుంది. నలుగురు కలిసి చేసింది మరి! అమీర్‌పేటలో కొనుక్కొచ్చిందైతే ఇక చెప్పనక్కర్లేదు.

అలాగని మానేసే వీలూ లేదు. ఇంజినీరింగ్ పూర్తయ్యేలోగా 600 నుంచి 700 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలని ఏఐసీటీఈ 2018లోనే చెప్పింది.

రెజ్యూమెలో ‘బైనరీ సెర్చ్’ అని రాసుకున్నారనుకోండి. నిర్వచనం అప్పజెబితే సరిపోదు. అకారాది క్రమంలో ఉన్న 10 లక్షల పేర్లలో కావలసినదాన్ని 20 పోలికల్లో పట్టేయొచ్చు. ప్రతిసారీ మధ్య పేరు చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోవడమే కిటుకు. ‘మరి పేర్లు క్రమంలో లేకపోతే?’ తర్వాతి ప్రశ్న అదే. అలాంటప్పుడు ఈ పద్ధతి పనికిరాదని, ఎందుకో కూడా చెప్పగలగాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఇంగ్లిష్ బెంగ ఒకటి. ముందు ఇంట్లో అమ్మకో చెల్లికో ప్రాజెక్టు గురించి తెలుగులోనే చెప్పి చూడాలి. వాళ్లు ‘అంటే?’ అని ఆపినచోట మళ్లీ పుస్తకం తెరవాలి. అప్పటికీ కొరుకుడు పడకపోతే ఆ ముక్కను రెజ్యూమెలోంచి తీసేయడమే.