మీకు తెలుసా? మెషీన్ జిల్లుమంటే చెడిపోయినట్టే కాదు

తడిచేత్తో వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటాయి. మెకానిక్ వచ్చి చూసి, మెషీన్ బాగానే ఉందంటాడు. నిజమే కావచ్చు! ఇప్పటి మెషీన్లు చాలావాటిలో ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ మెషీన్ బాడీకి కలుపుతాయి. వాటిగుండా కారే రవ్వంత కరెంటు ఎర్త్ వైరు పట్టుకుని నేలలోకి పోవాలి. ఆ వైరే లేకపోతే 230 వోల్టుల్లో సగం దాకా బాడీ మీదే నిలిచిపోతుంది. కరెంటు స్వల్పం కనుక జిల్లుమనిపించి వదులుతుంది. అసలు లీకేజీ అయినా మొదట ఇలాగే ఉండొచ్చు కాబట్టి, ముందు ప్లగ్ తీసి ఎర్త్ చూపించండి.

ప్లగ్‌లో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, పొడుగ్గా ఉండేది ఇందుకే. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు ఆఖర్న వదలాలి.

ఎర్త్ లేని పాత ఇళ్లలో కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న వైరుముక్క తగిలిస్తారు. జిల్లుమనడం ఆగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఇంతకంటే ప్రమాదకరమైన చిట్కా లేదు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, మెషీన్ బాడీకి నేరుగా 230 వోల్టులు! అమెరికాలో బట్టలారబెట్టే డ్రయ్యర్లకు ఇలాంటి పద్ధతే ఏళ్లతరబడి చట్టబద్ధంగా నడిచింది. 1996 విద్యుత్ కోడ్‌తో కొత్త కనెక్షన్లకు విడిగా ఎర్త్ ఉన్న నాలుగు వైర్లు తప్పనిసరయ్యాయి. అక్కడ పాత ఇల్లు కొన్న మనవాళ్లకు మూడు రంధ్రాల డ్రయ్యర్ సాకెట్ కనిపిస్తే, అది ఆ కాలందే.

ఎంసీబీ ఉందిగా అంటారా? అది కాపాడేది వైరింగ్‌ని. మనిషికి కావలసింది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకీ లెక్క తప్పితే అది కన్నుమూసి తెరిచేలోగా సప్లై తెంచేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాలి. దాని మీది టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడాలి (ఎంతమంది నొక్కుతారో గానీ).

హీటరున్న ఫ్రంట్ లోడ్ మెషీన్ నీళ్లు కాచేటప్పుడు దాదాపు 2000 వాట్లు, అంటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ విడిగా ఉండాలి. అడాప్టర్ తగిలించి 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే ముందు సాకెట్ వేడెక్కుతుంది, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది.