పులికి ఒక న్యాయం, మేకకు ఒక న్యాయం

పిల్లలూ! మీలో చాలామంది పులి-మేక ఆడి వుంటారు. ఆడనివారు మీ తాతగారినో, అమ్మమ్మనో అడగండి. సుద్దముక్కతో అరుగుమీద పటం గీసి చూపిస్తారు. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పక్కనున్న మేక మీదుగా, తిన్నగా, అవతలి ఖాళీ చోటికి పులి దూకిందంటే ఆ మేక చచ్చినట్టే. మేకకు దూకే శక్తి లేదు. కాని మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టివేయగలవు. పులికి ఒక న్యాయం, మేకకు ఒక న్యాయమా అంటారేమో! ఎవరి శక్తి వారికి వుండడమే ఆ ఆటలోని రుచి.

మొన్న కార్తీకంలో మా నెల్లూరికి ముసురు పట్టింది. మైపాడు సముద్రానికి పోదామని వచ్చిన మా మనుమడూ, మనుమరాలూ ఇల్లు కదలలేక, పక్కింటి అబ్బాయిని పిలుచుకుని వసారాలో ఒక ఆట పెట్టారు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని పుట్టించారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు యోధుడు, మాంత్రికుడు, దొంగ వంటి పాత్రలు ధరించి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. జరిగిందీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. వాటిలో 20 ముఖాల పాచిక కూడా వున్నది.

కాసేపటికి వసారాలో ఏడుపు వినిపించింది. వెళ్ళి చూద్దును గదా, పాచికలు వాననీళ్ళలో పడి వున్నాయి!

"ఏందిరా గొడవ?" అన్నాను.

"నేను మాంత్రికుణ్ణి తాతా. శత్రువుల గుంపు మీద అగ్గిగోళం వేశాను. ఇది చెప్పాపెట్టకుండా ఆ గుంపులోకి దూరి వుంది. దెబ్బ దీనికీ తగలాలి గదా!" అన్నాడు వాడు.

"నేను దొంగను తాతా. నాకు తప్పించుకునే విద్య వుంది. అన్న ఒప్పుకోడు. రెండు నెలల నుంచీ ఆడుతున్న నా దొంగ చచ్చిపోయిందంటాడు!" అంది అది.

కథ నడిపే పక్కింటి అబ్బాయి ఎటూ తేల్చలేక నా వంక చూశాడు. "నాకు మీ ఆట రాదు. అక్షరాలు వచ్చు. పుస్తకం యిటివ్వండి" అని కళ్ళజోడు పెట్టుకున్నాను.

వారి దగ్గర వున్నది 2014 నాటి కూర్పు. అందులో వున్నది ఇదీ: అగ్గిగోళం వేస్తే ఆరు ముఖాల పాచికలు 8 వేయాలి. వచ్చిన మొత్తమే దెబ్బ. చుట్టూ వున్నవారు 20 ముఖాల పాచిక వేసి, ఒడుపుగా పక్కకు తప్పుకోవడానికి చూడవచ్చు. తప్పుకోగలిగితే సగం దెబ్బ, లేకుంటే పూర్తి దెబ్బ. ఆ రోజు మొత్తం 27 పడింది. మనుమరాలు తప్పుకోగలిగింది. దాని దొంగకు మిగిలిన ప్రాణబలం 12.

"సగమంటే పదమూడున్నర, అంటే పద్నాలుగు" అన్నాడు మనుమడు. పుస్తకం అలా అనలేదు. భాగించినప్పుడు భిన్నం వస్తే వదిలివేయమన్నది. అంటే 13. అయినా 12 కన్న ఎక్కువే గదా! మనుమరాలి ముఖం వాడిపోయింది.

అప్పుడు దొంగ పాత్రను గురించిన పేజీ తీశాను. ఏడవ మెట్టు చేరిన దొంగకు ఒక ప్రత్యేక విద్య వున్నది. ఒడుపుతో తప్పుకుంటే సగం దెబ్బ పడే చోట, దొంగ తప్పుకుంటే ఏమీ తగలదు. తప్పుకోలేకపోతే సగమే తగులుతుంది. మనుమరాలి దొంగ ఏడవ మెట్టులోనే వున్నది.

"అందరికీ ఒకటే నియమం వుండాలి గదా తాతా!" అన్నాడు మనుమడు.

"రవి, ఇంద్రుడు కలిపితే ఏమవుతుందిరా?" అన్నాను.

"రవీంద్రుడు."

చూశారా పిల్లలూ! 'ఇ' తరువాత అచ్చు వస్తే 'య' రావడం సామాన్య నియమం. అతి, అంతం కలిస్తే అత్యంతం. కాని అదే అచ్చు ఎదురైతే ప్రత్యేక నియమం వచ్చి దీర్ఘం చేస్తుంది. అందుకే 'రవ్యింద్రుడు' అనము. పాణిని నాటినుంచీ వ్యాకరణంలో వున్న పద్ధతి యిది: ప్రత్యేక నియమం వున్నచోట సామాన్య నియమం తప్పుకుంటుంది. ఆ ఆట పుస్తకం కూడా అదే మాట చెప్పింది. దొంగ బ్రతికింది!

నేను ఇంత జాగ్రత్తగా చదవడానికి ఒక కారణం వున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పరీక్షలో "ఏవైనా ఐదింటికి జవాబులు రాయండి" అని ఇచ్చాను. ఒక పిల్లవాడు ఆరు రాశాడు. మొదటి ఐదూ దిద్ది, ఆరవది కొట్టివేశాను. అన్నిటిలోకీ మంచి జవాబు అదే. పిల్లవాడు రెండు మార్కుల్లో తప్పాడు. ప్రశ్నపత్రంలో "మొదటి ఐదు" అని లేదు. లేని మాటను నేనే చేర్చాను. ఆ సంగతి నాకు తట్టేసరికి వాడు బడి మానివేశాడు.

కనుక పిల్లలూ, నియమం చదివేటప్పుడు మూడు సంగతులు చూడండి. వాక్యం చివరిదాకా చదవండి. దానికి మినహాయింపు మరెక్కడైనా వున్నదేమో వెతకండి. లేని మాట చేర్చకండి. పుస్తకం ఏమీ చెప్పకపోతే ఆటకు ముందే అందరూ కూడి తేల్చుకోండి. పులి ఒకే ఎత్తులో రెండు మేకలను చంపవచ్చునా? కొందరు చంపవచ్చునంటారు, కొందరు కూడదంటారు. ఆ సంగతి ముందే తేలాలి, మేక చచ్చిన తరువాత కాదు.

మర్నాడు ఆటలో ఆకుపచ్చ డ్రాగన్ ఎదురై విషపు గాలి ఊదింది. "నీకు విద్య వుందిగా, నీకేం కాదులే" అన్నాడు మనుమడు. మనుమరాలు పుస్తకం తీసి నెమ్మదిగా చదువుకుంది. విషానికి తట్టుకోవలసింది దేహబలంతో. దాని విద్య ఒడుపుతో తప్పుకునే దెబ్బలకు మాత్రమే.

"ఇది నాకు వర్తించదు అన్నా" అని, పాచికలు వేసి, పడిన దెబ్బ తనే లెక్కవేసింది. దొంగ నేల కూలింది. ఈసారి ఎవరూ ఏడవలేదు. మనుమడు మాత్రం తన ఎత్తు వచ్చేదాకా ఆగి, డ్రాగన్‌ను వదిలేసి చెల్లెలి దొంగను కాపాడడానికి పరుగెత్తాడు.

మీకొక లెక్క: అగ్గిగోళానికి 35 పడింది. ఏడవ మెట్టు దొంగ తప్పుకోలేకపోయింది. దెబ్బ ఎంత? 17 అన్నవారు నియమం సరిగా చదివినట్టే!