కిటికీకి తాళమా, వీధికి కాపలానా?

సభలో ఎక్కువసేపు చర్చ జరిగిన బిల్లే ఎక్కువ ముఖ్యమైనదని అనుకోవడానికి వీల్లేదు. పార్లమెంటు నడకను ఏళ్ల తరబడి గమనిస్తున్న వారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. 2023 ఆగస్టు 3న ప్రవేశపెట్టిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు ఆ నెల 7న లోక్‌సభలోను, 9న రాజ్యసభలోను మూజువాణి ఓటుతో నెగ్గింది. 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. మణిపూర్ ఘటనలపై ప్రతిపక్షాల ఆందోళనతో సభలు అట్టుడుకుతున్న రోజులవి. ఆ గందరగోళంలో మన ఇంట్లోని పిల్లలకు సంబంధించిన తొమ్మిదవ సెక్షన్ ఎవరి దృష్టినీ పెద్దగా ఆకర్షించలేదు.

ఆ సెక్షన్ చెప్పేది ఇది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సమాచారాన్ని ఏ కంపెనీ వాడుకోవాలన్నా తల్లి గాని, తండ్రి గాని, చట్టబద్ధ సంరక్షకుడు గాని సమ్మతి ఇవ్వాలి. ఆ సమ్మతి నిజమైనదని నిర్ధారించుకోవాలి. పిల్లలు ఏం చూస్తున్నారో, ఎటు పోతున్నారో వెంబడించి కనిపెట్టరాదు. వారిని గురిచూసి వాణిజ్య ప్రకటనలు వదలరాదు. ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. నియమావళి మాత్రం 2025 నవంబరు వరకు వెలువడలేదు. వెలువడినప్పుడు కూడా ఈ బాధ్యతలను నెరవేర్చడానికి కంపెనీలకు 18 మాసాల వ్యవధి ఇచ్చారు.

ఉద్దేశం మంచిదే. అయితే పిల్లవాణ్ణి కాపాడే భారాన్ని చట్టం ముందుగా ఎవరి భుజాన పెట్టింది? తల్లిదండ్రుల భుజాన. ఆ భారాన్ని వారు మోయగలరా అన్న ప్రశ్నను ఢిల్లీలో కూర్చుని చర్చించడం కంటే, తెలుగువారు తరతరాలుగా కాపురముంటున్న ఒక రైల్వే పట్టణాన్ని ఎదుట పెట్టుకుని చర్చించడం మేలు. అది ఖరగ్‌పూర్. దానిని ఆనుకుని ఉన్న హిజ్లీకి ఈ విషయంలో ఒక ప్రత్యేకత కూడా ఉన్నది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వర్క్‌షాపు పనికి, లైను పనికి వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. నింపురా, మథురాకాటి వంటి పేటల్లో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగు భాషకు అధికారిక గుర్తింపు ఇవ్వడానికి నిర్ణయించిందంటే ఆ వెనుక ఉన్నది ముఖ్యంగా ఈ పట్టణపు తెలుగువారి చిరకాల కోరికే. ఇక్కడి తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, రైల్వే కాలనీలో హిందీ మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటూ పెరుగుతాడు. వాడి చేతిలోని ఫోనుకు ఈ నాలుగూ వచ్చు. ఇంట్లో పెద్దలకు ఆ నాలుగూ చదవడం రాకపోవచ్చు.

సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలని 2023 చట్టం చెబుతున్నది. అంటే హిజ్లీలోని తెలుగు తల్లి తెలుగులోనే పత్రం అడగవచ్చు. ఇది మెచ్చుకోదగిన నిబంధన. అయినా రాత్రి డ్యూటీ దిగి వచ్చిన తండ్రి చేతికి పిల్లవాడు ఫోను అందించి, ‘నాన్నా, ఇక్కడ నొక్కు’ అన్నప్పుడు ఏ భాషలో ఉన్నా ఆ పత్రాన్ని చివరిదాకా చదివేవారెందరు? చాలా ఇళ్లలో ఆ తండ్రికి ఫోను వాడకం నేర్పినది కూడా ఆ పిల్లవాడే. విద్యార్థి చేత పరీక్ష పత్రం తయారు చేయించి, మాస్టారిని రాయమన్నట్లున్నది మన ఏర్పాటు.

హిజ్లీ ప్రత్యేకత అన్నాం. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ నిర్బంధ శిబిరం నడిపింది. ప్రజల భద్రత పేరిట యువకులను విచారణ లేకుండా తెచ్చి ఇక్కడ ఉంచేవారు. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. సుభాష్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చి వారి భౌతిక కాయాలను తీసుకువెళ్లారు. డెబ్బై ఏళ్లు నిండిన రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో బహిరంగ సభకు వచ్చి ఆ దుశ్చర్యను ఖండించారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1951లో దేశంలోని మొదటి ఐఐటీ ఆ భవనంలోనే ప్రారంభమైనది. 1990 నుంచి అక్కడ నెహ్రూ పేరిట శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల నడుస్తున్నది. పిల్లలు వింతగా చూసే యంత్రాల నమూనాలు ఒకనాటి జైలు ఆవరణలోనే ఉన్నాయి.

హిజ్లీ కాల్పులను ఖండించిన ఆ కవే, అంతకు దాదాపు ఇరవై ఏళ్ల కిందట మరొక నిర్బంధాన్ని గురించి నాటకం రాశాడు. 1912లో వెలువడిన ‘డాక్‌ఘర్’ అది. అమల్ అనే జబ్బుపడ్డ బాలుణ్ణి బయటి గాలి తగలరాదని వైద్యుడు గదిలో ఉంచమంటాడు. ఆ పిల్లవాడికి మిగిలినది ఒక కిటికీ. పెరుగు అమ్ముకునేవాడు, కాపలావాడు, పూలు కోసే పిల్ల, వీధిలో ఆడుకునే పిల్లలు, ఎవరు కనిపించినా పిలిచి మాట్లాడతాడు. ఎన్నడూ చూడని పెరుగువాడి ఊరిని చూసినట్లే వర్ణిస్తాడు. ఎదుట కొత్తగా వెలసిన తపాలా కార్యాలయం నుంచి తనకు రాజుగారి ఉత్తరం వస్తుందని ఎదురు చూస్తాడు. ఊరిపెద్ద ఒకడు పిల్లవాణ్ణి ఎగతాళి చేయడానికి తెల్ల కాగితం తెచ్చి, ఇదిగో రాజుగారి ఉత్తరం అంటాడు.

నేటి పిల్లల సమస్య అంతా ఈ నాటకంలో ఉన్నదంటే అతిశయోక్తి కాదు. ఇరుకు క్వార్టరులో, ఆడుకోవడానికి చోటు తగ్గిన పేటలో ఫోనే పిల్లవాడి కిటికీ. కనిపించని మనిషిని స్నేహితునిగా ఊహించుకునే శక్తి బాల్యపు సొత్తు. కథ విన్నా, బొమ్మ గీసినా, ఆటలో రాజై కూర్చున్నా పనిచేసేది ఆ శక్తే. ఆన్‌లైన్ ఆటలో ‘నాకూ పన్నెండేళ్లే, పక్క ఊళ్లోనే ఉంటాను’ అని పలకరించిన ముప్పై ఏళ్ల వంచకుణ్ణి నమ్మేదీ ఆ శక్తే. పిల్లవాడు తెలివితక్కువవాడై మోసపోవడం లేదు. ఊహించగలవాడు కనుకనే మోసపోతున్నాడు. మొదట ఆటలో పొగడ్త, తరువాత విడిగా మాటలు, ఆపైన ‘ఇంట్లో చెప్పకు’ అనే ఒట్టు, ఒక ఫోటో, ఆ ఫోటో చూపి బెదిరింపు. ఇదీ వంచకుల పద్ధతి. తెల్ల కాగితాన్ని రాజుగారి ఉత్తరమని చదివి వినిపించడమే ఇది.

భేదం ఎక్కడున్నదంటే, అమల్ కిటికీ తెరుచుకున్నది నలుగురూ నడిచే వీధిలోకి. అక్కడ కాపలావాడు ఉన్నాడు. ఊరిపెద్ద ఎగతాళి చేసినప్పుడు పక్కన తాతగారు ఉన్నారు. ఫోను కిటికీ తెరుచుకునే సందులో కాపలావాడు లేడు. పిల్లవాడితో ఎవరు ఏం మాట్లాడుతున్నారో మరొకరికి కనపడదు. ఆ సందుకు యజమానులు మాత్రం ఉన్నారు.

ఆ యజమానుల్లో ఒకరిది హిజ్లీయే అంటే పాఠకులు ఆశ్చర్యపోనక్కరలేదు. పిల్లలు అమితంగా చూసే యూట్యూబ్‌ను నడిపే గూగుల్ సంస్థకు 2015లో అధిపతి అయిన సుందర్ పిచాయ్ ఖరగ్‌పూర్ ఐఐటీ పట్టభద్రుడు. అమెరికాలో పదమూడేళ్లలోపు పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల సమ్మతి లేకుండా సేకరించరాదని 1998లోనే శాసనం చేశారు. ఆ శాసనాన్ని ఉల్లంఘించారన్న అభియోగంపై 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించి రాజీ చేసుకున్నాయి. శాసనం చేసిన ఇరవై ఏళ్ల తరువాత కూడా ఈ పరిస్థితి ఉన్నదంటే, సమ్మతి అనే ఒక్క తాళం మీద ఎంత ఆధారపడవచ్చునో ఊహించుకోవచ్చు.

ఇదే హిజ్లీలో మరొక కిటికీ కూడా తయారైనది. కేంద్ర విద్యాశాఖ పక్షాన ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018 జూన్‌లో జాతికి అంకితం చేశారు. బడిపిల్లవాడు మొదలు పరిశోధకుని దాకా ఎవరైనా రుసుము లేకుండా చదువుకోవచ్చు. అక్కడ పిల్లవాణ్ణి వెంబడించి సరుకు అంటగట్టే పని లేదు. ఇంటర్నెట్ అంటే తప్పనిసరిగా కాపలాలేని సందే కానక్కరలేదని దీనివల్ల తేలుతున్నది. ఎవరి కోసం కట్టారో, ఎవరికి జవాబుదారీగా కట్టారో దానిని బట్టి అది గ్రంథాలయమూ కావచ్చు, వల కూడా కావచ్చు.

తిరిగి ఢిల్లీకి వద్దాం. ఈ సంగతులు మన పెద్దలకు తెలియనివి కావు. సామాజిక మాధ్యమాల్లో అశ్లీలం, పిల్లలపై దాని ప్రభావం గురించి 2019 డిసెంబరులో నాటి రాజ్యసభ ఛైర్మన్ వెంకయ్యనాయుడు జైరాం రమేశ్ నాయకత్వాన తాత్కాలిక సంఘాన్ని నియమించారు. పాలక, ప్రతిపక్షాలు కలిసి కూర్చున్న ఆ సంఘం 2020 జనవరిలో 40 సిఫారసులు సమర్పించింది. సభ్యులు పార్టీలను పక్కన పెట్టి పనిచేసిన అరుదైన సందర్భమది. 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తీర్పు చెప్పినప్పుడు, పిల్లలు తెలియక ఇంటర్నెట్‌లో వదిలే ఆనవాళ్లు జీవితాంతం వారిని వెంటాడరాదని జస్టిస్ కౌల్ ప్రత్యేకంగా ప్రస్తావించారు. పిల్లలపై అత్యాచారాన్ని చూపే చిత్రాలను దగ్గర ఉంచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అటువంటివి తమ దృష్టికి వస్తే కంపెనీలు పోలీసులకు తెలియజేయవలసిందేనని, లేకపోతే చట్టం ఇచ్చే రక్షణ వారికి దక్కదని కూడా చెప్పింది.

ఇంతలో మరొక మాట బలంగా వినవస్తున్నది. పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలే ఉండరాదని ఆస్ట్రేలియా 2024లో శాసనం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి అమలులో పెట్టింది. ఆ బాట మనమూ పట్టాలన్న ఆలోచన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వర్గాల్లో కూడా 2026 జనవరిలో బయటికి వచ్చింది. ఆ శాసనంలో మన నాయకులు గమనించవలసిన అంశం వయస్సు ఒక్కటే కాదు. అక్కడ జరిమానా పిల్లవాడికీ లేదు, తల్లిదండ్రులకూ లేదు, కంపెనీకే ఉన్నది. అది కూడా 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు. ఈ భాగాన్ని వదిలిపెట్టి వయోపరిమితిని మాత్రమే దిగుమతి చేసుకుంటే, బరువు మళ్లీ ఇంటి మీదనే పడుతుంది.

ఇంటి మీద పడితే ఏమవుతుందో మనకు తెలుసు. ముందుగా ఫోను లాక్కునేది ఆడపిల్ల చేతిలోంచే. తరువాత బడి మానిపించడం గురించి ఇంట్లో మాట వస్తుంది. అందుచేతనే ఎవడో బెదిరిస్తున్నాడని ఇంట్లో చెప్పడానికి పిల్లలు జంకుతారు. చెబితే శిక్ష తనకే పడుతుందనుకున్న పిల్ల నోరు విప్పదు. ఆ మౌనమే వంచకునికి పెట్టుబడి. తాళం మీద తాళం వేసిన ఇంట్లో వాడి పని మరింత సులువవుతుంది.

కనుక అడగవలసినవి స్పష్టంగా అడగాలి. కొత్త మనిషి పిల్లవాడితో ఏకాంతంగా మాటలు కలిపే వీలు మొదటినుంచే మూసి ఉంచడం కంపెనీ బాధ్యత కావాలి. తొమ్మిదవ సెక్షన్‌లోని నిషేధాలకు మినహాయింపులు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం కారణాలను సభ ముందుంచాలి. సమ్మతి పత్రానికి వర్తించే భాషా హక్కు ఫిర్యాదుకూ వర్తించాలి. తెలుగులో వచ్చిన బెదిరింపును తెలుగు తెలిసిన మనిషే చదివి చర్య తీసుకోవాలి. ఏడాదికొకసారి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటికి జవాబిచ్చారో కంపెనీలవారీగా పార్లమెంటుకు నివేదించాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

ఈలోగా తల్లిదండ్రులు తెలుసుకుని ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు పనిచేస్తున్నది. సైబర్ మోసంలో డబ్బు పోయినప్పుడు పిలవవలసినది 1930. హిజ్లీ శిబిరం వెలసిన సంవత్సరమూ అదే కనుక గుర్తుంచుకోవడం ఖరగ్‌పూర్ వారికి కష్టం కాదు. పిల్లలపై జరిగే అఘాయిత్యాల చిత్రాల గురించి కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల వెబ్‌సైటులో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. అన్నిటికంటే ముందు, ఏం జరిగినా తిట్టమనీ, ఫోను లాక్కోమనీ పిల్లలకు మాట ఇవ్వాలి. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి.

‘డాక్‌ఘర్’ చివర రాజవైద్యుడు వచ్చి చేసే మొదటి పని గది తలుపులు, కిటికీలు అన్నీ తెరిపించడం. 1942 జూలైలో వార్సా నగరపు యూదుల నిర్బంధవాడలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు తన అనాథాశ్రమపు పిల్లల చేత ఈ నాటకమే ఆడించాడు. కొద్ది రోజులకే ఆ పిల్లలనూ ఆయననూ నాజీలు మరణశిబిరానికి తరలించారు. అన్ని తలుపులూ మూసుకుపోయిన చోట పిల్లలకు మిగలగల ఆస్తి ఊహ ఒక్కటేనని ఆయన ఎరుగును. మన పిల్లలకు అటువంటి దుర్దశ లేదు. వారి కిటికీ తెరిచి ఉంచి, వీధికి కాపలా పెట్టడం శాసనకర్తల చేతిలో ఉన్న పని. ఆ పని ఎప్పుడు మొదలుపెడతారని అడగవలసినది వారిని ఎన్నుకున్నవారు.